ముప్పైకి ముప్పై

కుర్చీలోంచి లేవమన్నారు. సుదర్శనం లేచాడు. నేలమీద పసుపుపచ్చ టేపు అంటించిన చోటుదాకా నడిచి, వెనక్కి తిరిగి, వచ్చి కూర్చున్నాడు. కూర్చునేటప్పుడు చేతులు ఆనించకూడదని అతనికి తెలుసు. ఎదురుగా నిలబడ్డ కంటి డాక్టరు సెల్‌ఫోను నొక్కి చూసి, "తొమ్మిది సెకన్లు" అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురూ రాసుకున్నారు.

తిరువళ్లూరు పక్కన మణవాళనగర్‌లో, ఒక ట్రస్టువాళ్ల మేడమీద హాలు అది. ప్రతినెలా మూడు రోజులు అక్కడ డాక్టర్లకు పాఠాలు జరుగుతాయి. ఎముకల డాక్టర్లు, కంటి డాక్టర్లు, కాన్పుల డాక్టర్లు, పల్లెల్లో ఆరోగ్య కేంద్రాల డాక్టర్లు వస్తారు. ముసలివాళ్ల వైద్యం వాళ్లు ప్రత్యేకంగా చదివింది కాదు. చదవకపోయినా వాళ్ల దగ్గరికి వచ్చేవాళ్లలో సగంమంది ముసలివాళ్లే. అందుకని ఈ మూడు రోజులు. ఏ మాత్రలు కలిపి ఇవ్వకూడదు, పడిపోయిన సంగతి దాచుకునే మనిషి దగ్గర అది ఎట్లా రాబట్టాలి, జ్ఞాపకం ఎంత ఉందో ఎట్లా చూడాలి, ఇవీ పాఠాలు. నేర్చుకున్నది చేసి చూడటానికి ఒక ముసలి మనిషి కావాలి. ఆ మనిషి సుదర్శనం. అతను రావడం ఇది పదకొండో నెల.

మొదట పేరు రాయించింది మంజు అనే నర్సు. "సూది గుచ్చినా ఊ అనడు ఈ పెద్దాయన. ఎంతసేపైనా కూర్చుంటాడు" అని చెప్పింది. అది నిజమే. కానీ ఓపిక ఒక్కటే కాదు, అతనికి ఆ కుర్చీలో కూర్చోవడం ఇష్టం. పాఠం చెప్పే పెద్ద డాక్టరు దినకర్ ఒక నియమం పెట్టాడు. చెయ్యి పట్టుకునే ముందు, చొక్కా ఎత్తే ముందు అడగాలి. "ముట్టుకోవచ్చా ఐయా?" అని ప్రతి డాక్టరూ అడుగుతాడు. సుదర్శనం తల ఊపుతాడు. చెరుకు నరికినన్నాళ్లూ, బోరు తవ్వించి అప్పులు తీర్చినన్నాళ్లూ, ఏ ఆస్పత్రిలోనూ ఎవరూ అతన్ని ఆ మాట అడగలేదు.

నడక అయింది. తర్వాత జ్ఞాపకం పరీక్ష. ఈసారి కాగితం పట్టుకుని ఎదుట కూర్చున్నది ఒక సన్నటి అమ్మాయి. మెడలో తగిలించుకున్న కార్డు మీద యశశ్విని అని ఉంది. పొదటూరుపేట దగ్గర సర్కారు ఆస్పత్రిలో పిల్లల డాక్టరట.

"ఈరోజు తారీకు ఏంటి ఐయా?" అని తమిళంలో అడిగింది.

ఆమె వెనక గోడకు తెల్లబోర్డు. అటెండరు దేవేంద్రన్ పొద్దున్నే దానిమీద తారీకూ వారమూ రాస్తాడు. సుదర్శనం చూపు ఒక్కసారి అక్కడికి పోయి వచ్చింది. తారీకు చెప్పాడు. వారం చెప్పాడు.

ఐదు మాటలు చెప్తాను, గుర్తు పెట్టుకోమంది. మామిడిపండు, కుర్చీ, తాళంచెవి, గుర్రం, ఎరుపు. అతను తిరిగి చెప్పాడు. నూరులోంచి ఏడు తీసేయమంది. తొంభైమూడు, ఎనభయ్యారు, డెబ్బైతొమ్మిది, డెబ్బైరెండు, అరవైఐదు. ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. మూడో తరగతితో బడి మానేసిన మనిషి అట్లా చెప్పేసరికి కంటి డాక్టరు కళ్లు పెద్దవి చేశాడు. గడియారం బొమ్మ వేసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించమంది. వేశాడు. పొట్టి ముల్లు పదకొండు మీద, పొడుగు ముల్లు రెండు మీద. కాసేపు అవీ ఇవీ అడిగి, ఇందాకటి ఐదు మాటలు చెప్పమంది. చెప్పాడు.

"ముప్పైకి ముప్పై," అన్నాడు దినకర్ వెనకనుంచి. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రతినెలా కొడతారు.

యశశ్విని మాత్రం కొట్టలేదు. కాగితం మడుస్తూ ముందుకు వంగింది.

"తాతా, మీరు తెలుగాళ్లు గదా?" అంది, తిరుత్తణి పక్క యాసలో.

"ఊ."

"ఇందాక నేను అప్పటికి నాలుగు మాటలే చెప్పింటి. ఐదోది చెప్పకముందే మీరు తల ఊపితిరి."

సుదర్శనం తువ్వాలు భుజం మీద సర్దుకున్నాడు.

"పొద్దున ఏం తిన్నారు తాతా?"

"ఇంట్లో పెట్టిందే."

ఆ అమ్మాయి నవ్వింది. ఇంకేమీ అడగలేదు. కానీ లేచిపోతూ ఒకసారి వెనక్కి తిరిగి బోర్డు వైపు చూసింది.

సాయంత్రం బయల్దేరబోతుంటే దినకర్ ఆపాడు. "ఐయా, రేపు ఇంటివాళ్లతో ఎట్లా మాట్లాడాలో చెప్పే పాఠం. ఎప్పుడూ ఆ పాఠానికి వచ్చే అమ్మకు జ్వరం. మీ ఇంట్లో అమ్మగారిని తీసుకొస్తారా?"

 కాదనడానికి ఏదైనా కారణం చెప్పాలి. చెప్పడం సుదర్శనానికి చేతకాదు.

"ఊ," అన్నాడు.

సుదర్శనం భార్య వరదమ్మ తిరుత్తణిలో ఇంటి అరుగు మీద కూర్చుని మల్లెలు కడుతోంది. ఆడికృత్తిక పండక్కి వచ్చిన జనం పోయి నెల దాటినా, కొండ మెట్ల కింద కొట్లకు రోజూ పూలు కావాలి. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, నార ఒక చుట్టు, ముడి. ఆమె చేతులు చూడకుండానే కడతాయి. కళ్లు వీధి మలుపు దగ్గర ఉన్నాయి. అతను మలుపు తిరిగి కనిపించాక కళ్లు కిందికి దించింది.

"సరిగ్గానే దిగినావే," అంది.

అతను చెప్పులు విడిచి పక్కన కూర్చున్నాడు. బుట్టలోంచి మొగ్గలు రెండు రెండుగా తీసి అందించడం మొదలుపెట్టాడు. పొలం పనికి ఒళ్లు వంగనప్పటి నుంచి ఇదే అతని పని.

"రేపు నిన్ను గూడా రమ్మన్నారు."

"నన్నా? నాకేం జబ్బు?"

"ఇంటోళ్లతో మాట్లాడతారంట."

వరదమ్మ చేతిలో నార ఆగింది.

"డాక్టర్లు ఎంతమంది ఉంటారు?"

"ఇరవైరెండు."

"ఇరవైరెండు మందా!" ఆమె మళ్లీ ముడి వేసింది. ఇంకో రెండు ముళ్లు వేశాక అంది: "వస్తా."

అతని మరుపు సంగతి నాలుగు నెలలుగా ఆమె చెప్పని మనిషి లేడు. ఇక్కడి ఆస్పత్రిలో చెప్తే ఈ వయసులో ఇదంతా మామూలేనని రాసిచ్చారు. కొడుకు విజయకుమార్‌కు ఫోనులో చెప్తే, "అమ్మా, నాయనకు ముప్పైకి ముప్పై మార్కులు వచ్చినాయి. ఆ కాగితం ఫోటో తీసి మనోళ్లందరికీ పంపినాను గదా. నాకు పెట్టినా అన్ని రావు. నువ్వు ఊరికే దిగులుపడొద్దు" అని నవ్వాడు.

అతనికి ఒక జత మొగ్గల్లో మూడు వచ్చాయి. వరదమ్మ ఒకటి తీసి బుట్టలో వేసింది. "ఏమయ్యా, లెక్క రెండని ఎన్ని తడవలు చెప్పేది? ఆ డాక్టర్ల కాడ తొంభైమూడు, ఎనభయ్యారు అంటావంట గదా!"

అతను బుట్టలోకి చూశాడు.

మర్నాడు ఆమె నీలం అంచు చీర కట్టుకుంది. చెప్పాల్సినవి రైల్లో వేళ్లమీద లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. అరక్కోణం దాటేదాకా నాలుగు వేళ్లు మడిచింది. ఆ మడిచిన వేళ్లలో ఏముందో సుదర్శనానికి తెలుసు. అన్నీ గుర్తులేవు. కానీ తన గురించేనని తెలుసు.

హాల్లో ఇద్దరికీ పక్కపక్కనే కుర్చీలు వేశారు. ఇరవైరెండు మంది అర్ధచంద్రంగా కూర్చున్నారు. దినకర్ తన కుర్చీ ఆమెకు ఎదురుగా, మరీ దగ్గరగా కాకుండా జరుపుకున్నాడు. మంచినీళ్లు తెప్పించాడు. "మీకు తోచినట్టు చెప్పండమ్మా. తొందరేం లేదు" అన్నాడు. వరదమ్మ తమిళంలో మొదలుపెట్టింది. నాలుగు మాటలయ్యేసరికి తెలుగులోకి వచ్చేసింది. దినకర్ అదే చాలన్నట్టు తల ఊపాడు. అర్థంకాని ఒకరిద్దరికి యశశ్విని మెల్లగా తమిళంలో చెప్తోంది.

"చెప్పులు బియ్యం డబ్బాలో పెట్టినాడు సార్. నేను పూలకని పొయినపుడు బోరు మోటారు ఆడించి, ఆపేది మరచిపొయినాడు. ఒగసారి గాదు, మూడు తడవలు. కొట్టుకాడ ఒగామెకు మూర పూలు ఇచ్చి, ఆమె ఆణ్నే నిలబడుకోని ఉంటే మళ్లా ఇంకో మూర ఇచ్చినాడు. ఆయమ్మ మంచిది, తిరిగిచ్చింది."

ఎవరో నవ్వారు. వరదమ్మ కూడా కొంచెం నవ్వింది. తర్వాత నవ్వు ఆపుకుంది.

"పోయిన నెల ఈడనుంచి వచ్చేటపుడు తిరుత్తణిలో దిగలేదు. తిరుపతి బండి ఎక్కినాడేమో, దాటిపోయి పొన్పాడిలో దిగినాడు. చీకటి పడేముందు స్టేషన్‌లో ఎవరో ఫోన్ చేస్తే పోతిని. బెంచీమీద కూచోని ఉండాడు. ఏమయ్యా ఇట్ల కూచుంటివి అంటే, మాయన్న సైకిల్ ఎత్తుకోని వస్తా ఉండాడు అంటాడు."  "వాళ్లన్న పోయి తొమ్మిదేండ్లు సార్."

 దినకర్ అడిగాడు.

"మీకు నిద్ర పడుతోందా అమ్మా?"

"యాడ సార్. లేచి లేచి చూసుకుంటా ఉంటా, ఈయన ఉండాడా లేదా అని."

"ఆకలి?"

"అంతంత."

"ఏడుపు వస్తుందా?"

 ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

దినకర్ అందరివైపూ తిరిగాడు. అతని గొంతులో కాఠిన్యం ఏమీ లేదు. "నిన్న ఈయన్ను మీరే చూశారు. ఎంత వచ్చింది? ముప్పైకి ముప్పై. పోయిన నెలా అంతే. చెప్పులు ఎక్కడో పెట్టి మర్చిపోవడం, నిద్రపోయి స్టేషన్ దాటిపోవడం ఎవరికైనా జరుగుతుంది. మరి ఇక్కడ జబ్బు ఎవరికి? నిద్ర లేదు, ఆకలి లేదు, ఎప్పుడూ భయం. వయసు మళ్లిన జంటల్లో ఒకరి భయం ఇంకొకరి జబ్బులాగా కనబడుతుంది. మనం చూడాల్సింది అమ్మను. రాసుకోండి."

ఇరవైరెండు కలాలు రాశాయి.

వరదమ్మ ఆ కలాలవైపు చూసింది. తర్వాత భర్తవైపు తిరిగింది.

"నువ్వన్నా చెప్పు," అంది.

సుదర్శనం తెల్లబోర్డు వైపు చూశాడు. దానిమీద తారీకు ఉంది. వారం ఉంది. అతను ఏమీ చెప్పలేదు. చెప్పకపోవడం ఎవరికీ వింతగా తోచలేదు. అతను మొదటినుంచీ మాటలు తక్కువ మనిషి.

ఎముకల డాక్టరు ఒకడు, మనసులో దిగులు ఎంత ఉందో చూసే పదిహేను ప్రశ్నల కాగితం తెచ్చి ఆమె ముందు కూర్చున్నాడు. "మీ బతుకు ఖాళీగా ఉందని అనిపిస్తుందా అమ్మా?"

"పూలు కట్టేదానికే పొద్దు చాలదు నాయనా. ఖాళీ యాడ ఉండాది?"

అందరూ నవ్వారు. ఈసారి వరదమ్మ నవ్వలేదు. మిగతా పద్నాలుగు ప్రశ్నలకూ అవును, కాదు అని మాత్రం చెప్పింది.

తిరుగు రైల్లో ఇద్దరికీ కిటికీ పక్క చోటు దొరికింది. మామూలుగా అయితే ఆమె ఎదుటి సీటువాళ్లతో ఏదో ఒకటి మాట్లాడుతుంది. ఆరోజు సంచీ ఒళ్లో పెట్టుకుని, దాని పట్టీలు రెండూ కలిపి పట్టుకుని కూర్చుంది. మడిచే వేళ్లు లేవు.

సుదర్శనం బయటికి చూస్తున్నాడు. ఒంటరిగా వచ్చేటప్పుడు అతనికి ఒక ఉపాయం ఉంది. రైలు పెట్టెలో ఎక్కడో ఖాళీ పూలగంపలతో ఆడవాళ్లు ఉంటారు. వాళ్లు లేచి గంపలు ఎత్తుకుంటే తిరుత్తణి వచ్చినట్టు. పోయిన నెల ఆ పెట్టెలో పూలగంపలు లేవు. అది అతనికి బాగా గుర్తుంది. ఏ స్టేషన్‌లో ఏం జరిగిందో గుర్తులేదు గానీ, గంపల కోసం వెతుక్కోవడం గుర్తుంది.

తలలో జరుగుతున్నది అతనికి తెలియక కాదు. చెరుకు తోటలో నీళ్లు కట్టేటప్పుడు కాలవలో ఎక్కడో ఎలుక బొరియ పడుతుంది. పైనుంచి నీళ్లు వస్తూనే ఉంటాయి. చివరి మడికి అందవు. బొరియ ఎక్కడుందో కనబడదు. అట్లా ఉంది. పరీక్ష మాటలు మాత్రం పోవు. వాటిని అతను పోనివ్వడు. పెరట్లో పళ్లు తోముకుంటూ లోపల్లోపల చెప్పుకుంటాడు. మామిడిపండు, కుర్చీ, తాళంచెవి, గుర్రం, ఎరుపు. ఆ కాగితాలు ఒకేసారి రెండువేలు అచ్చువేయించారనీ, బీరువా నిండా ఉన్నాయనీ దేవేంద్రన్ ఒకసారి అన్నాడు. అవి అయిపోయేదాకా ఆ కుర్చీ తనదే అనుకున్నాడు.

ఇంటికొచ్చాక వరదమ్మ కాళ్లు కడుక్కుని, చీర మార్చుకుని, పూలబుట్ట ముందు కూర్చుంది. అతను పక్కన కూర్చున్నాడు. రెండు అందించాడు. రెండు. రెండు. మూడు.

అతను చూసుకునేలోపే ఆమె ఎక్కువైన మొగ్గను తీసి బుట్టలో వేసింది. ఏమీ అనలేదు. తర్వాత నాలుగు వచ్చాయి. అప్పుడూ ఏమీ అనలేదు. రెండు తీసి లోపల వేసి, రెండు కట్టింది. అతను ఆమె ముఖంలోకి చూశాడు. కోపం కనబడితే బాగుండుననిపించింది. కోపం లేదు. దిగువ ఇంటామె వచ్చి, "ఏమక్కా, డాక్టర్లు ఏమన్నారు?" అని అడిగితే, "నాకే ఏందో ఉండాదంట" అంది వరదమ్మ. అని, పళ్లతో నార కొరికింది.

ఆ తర్వాత అన్నం పెట్టేటప్పుడు, కంచం అతని ముందుంచి, ఎప్పుడూ లేనిది ఒకమాట అడిగింది.

"నిజంగానే నాకే ఏమన్నా ఉండాదంటావా?"

సుదర్శనం అన్నం కలిపాడు. చాలాసేపు కలిపాడు. ఆమె జవాబుకు నిలబడలేదు, మజ్జిగకు లోపలికి పోయింది.

మూడో రోజు ఆమె పాత చీరతోనే ఉంది.

"నేనేటికి? నా పాఠం అయిపొయింది గదా. నిన్ను బండి ఎక్కిచ్చి వస్తా. దిగేది తిరువళ్లూరు. దేవేంద్రన్‌కి ఫోన్ చేసినా, స్టేషన్‌కి వస్తాడు."

"నువ్వు రావాల," అన్నాడు సుదర్శనం.

"ఎందుకు?"

"రావాల."

ఆమె అతన్ని చూసింది. అతను చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. ఆమె వచ్చేదాకా కదలలేదు. కట్టాల్సిన మొగ్గలు తడిగుడ్డలో చుట్టి సంచీలో వేసుకుని బయల్దేరింది.

చివరిరోజు డాక్టర్లకు పరీక్ష. ఒక్కొక్కరే లోపలికి వస్తారు. ఎనిమిది నిమిషాల్లో సుదర్శనాన్ని పరీక్ష చెయ్యాలి. పక్కన దినకర్ మార్కుల కాగితంతో కూర్చుంటాడు. వరదమ్మ గోడవార బెంచీ మీద కూర్చుని, సంచీలోంచి మొగ్గలు తీసి ఒళ్లో పోసుకుంది. చేతులు ఊరికే ఉంచుకోవడం ఆమెకు రాదు.

మొదట ఎముకల డాక్టరు వచ్చాడు. అతనికి మోకాళ్లు చూడటమే సరిపోయింది. రెండోది కంటి డాక్టరు. నడిపించాడు, లేపాడు, మాత్రల పేర్లు అడిగాడు, జ్ఞాపకం దగ్గరికి వచ్చేసరికి టైమైపోయింది. మూడోది యశశ్విని.

"ముట్టుకోవచ్చా తాతా?" అని అడిగి నాడి చూసింది. తర్వాత కాగితం తీసింది. "ఐదు మాటలు చెప్తా. గుర్తు పెట్టుకోవాల. సరేనా?"

సుదర్శనం చెయ్యి ఎత్తాడు.

"ఆ మాటలు వద్దుమ్మా."

"ఎందుకు తాతా?"

"అవి నాకు వచ్చు." ఆమె చెప్పకుండానే చెప్పాడు. "మామిడిపండు, కుర్చీ, తాళంచెవి, గుర్రం, ఎరుపు. ఏడు తీసేస్తే తొంభైమూడు, ఎనభయ్యారు. గడియారం పదకొండూ పది. తారీకు ఆడ రాసుండాది." బోర్డు వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "పదకొండు నెలలుగా ఇవే అడగతా ఉండారు. ఇంటికాడ చెప్పుకుంటా ఉంటా. వేరేవి అడుగు."

అతను ఒక్కసారి అన్ని మాటలు మాట్లాడటం ఆ హాల్లో ఎవరూ వినలేదు. గోడవార పూలు కట్టే చేతులు ఆగిపోయాయి.

యశశ్విని దినకర్ వైపు చూసింది. దినకర్ చేతిలోని కలం బల్లమీద పెట్టాడు.  తర్వాత తలుపు వైపు తిరిగి పిలిచాడు. "దేవేంద్రన్, ఆ బోర్డు తుడిచెయ్యి."

దేవేంద్రన్ వచ్చి గుడ్డతో తుడిచాడు. తారీకు పోయింది. వారం పోయింది.

యశశ్విని అచ్చుకాగితం తిరగేసి, ఖాళీ పక్కన ఏదో రాసుకుంది. "తెలుగులోనే చెప్తా తాతా. పడవ, గొడుగు, ఏనుగు, చింతకాయ, నీలం."

"పడవ, గొడుగు, ఏనుగు, చింతకాయ, నీలం," అన్నాడు అతను.

"ఈరోజు ఏ వారం?"

అతను బోర్డు చూశాడు. తెల్లగా ఉంది. కిటికీ చూశాడు. "ఎండగా ఉండాది," అన్నాడు.

"ఎనభైలోంచి ఏడు తీసేస్తే?"

"డెబ్బైమూడు." ఆగాడు. పెదాలు కదిలాయి. "డెబ్బైరెండు. అరవైఐదు." ఆ చివరి రెండూ పాత లెక్కలోవని అతనికే తెలిసింది. తల అడ్డంగా ఊపాడు.

గడియారం వెయ్యమంది. నాలుగు కావడానికి పావుగంట తక్కువ చూపించమంది. అతను గుండ్రం గీశాడు. చక్కటి గుండ్రం. అంకెలు వేశాడు. తర్వాత పెన్సిలు మధ్యలోంచి బయల్దేరి తిన్నగా పదకొండు మీదికి పోయింది. రెండో గీత రెండు మీదికి పోయింది. గీసి, కాగితం కొంచెం దూరం పెట్టి చూసుకున్నాడు.

"చెయ్యి దానంతటది పొయింది," అన్నాడు.

"పరవాలేదు తాతా. ఇందాకటి ఐదు మాటలు?"

 కింద రోడ్డుమీద బస్సు హారన్ కొట్టింది. సుదర్శనం మోకాళ్లమీద చేతులు పెట్టుకుని నేలమీది పసుపుపచ్చ టేపు వైపు చూస్తున్నాడు. యశశ్విని తొందరపెట్టలేదు.

"ఏనుగు," అన్నాడు చివరికి. "మా కొండమీద సామి ముందర ఉండాదే, ఆ ఏనుగు." ఇంకాసేపటికి, "తాళంచెవి" అన్నాడు. అది కాదని అతనికి తెలిసింది. "అంతే. ఇంక లేవు."

యశశ్విని లెక్కవేసింది.

"ఎంత?" అని అడిగాడు.

ఆమె తటపటాయించింది. దినకర్ చెప్పమన్నట్టు తల ఊపాడు.

"పదహారు తాతా."

సుదర్శనం తిరిగి గోడవైపు చూశాడు. వరదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆమె లేచింది. ఒళ్లో మొగ్గలు నేలమీద పడ్డాయి. వచ్చి అతని కుర్చీ పక్కన నిలబడింది. నలుగురిలో ఎప్పుడూ అతన్ని తాకని మనిషి, భుజం మీద చెయ్యి వేసి, తువ్వాలుతో సహా గట్టిగా పట్టుకుంది.

"నీకేం లేదు," అన్నాడు అతను, ఆమెకు మాత్రమే వినబడేట్టు. "నాకే."

దినకర్ లేచి తన కుర్చీ ఆమెకు జరిపాడు. బయట వరండాలో పరీక్షకు కాచుకున్న వాళ్లందరినీ లోపలికి రమ్మన్నాడు. కుర్చీలు చాలక కొందరు గోడలకు ఆనుకుని నిలబడ్డారు. అతను కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నిన్న నేను చెప్తే రాసుకున్నారే, అది కొట్టేయండి. కాగితంలో ముప్పై ఉందని, పదకొండు నెలలుగా నేను ఈ మనిషిని చూడలేదు. చూసిన మనిషి వచ్చి చెప్తే వినలేదు." తర్వాత వరదమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, నిన్న చెప్పింది మళ్లీ ఒకసారి చెప్తారా?"

"మొదటినుంచా?" అంది వరదమ్మ.

"మొదటినుంచి."

ఆమె చెయ్యి అతని భుజం మీదనుంచి తియ్యకుండానే కూర్చుంది. మరో చేతి చిటికెన వేలు మడిచింది. "చెప్పులు బియ్యం డబ్బాలో పెట్టినాడు సార్..."

ఇరవైరెండు కలాలు రాశాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. కాన్పుల డాక్టరొకామె మధ్యలో ఆపి, "మొదటిసారి మీకు ఎప్పుడు అనుమానం వచ్చిందమ్మా?" అని అడిగింది. అది కూడా ఎవరూ అంతకుముందు అడగని మాట. వరదమ్మ ఆలోచించి చెప్పింది. చాలాసేపు చెప్పింది. దేవేంద్రన్ నేలమీది మొగ్గలు ఏరి కాగితంలో పోసి ఆమె పక్కన పెట్టాడు.

అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. రక్తపరీక్షలకూ, తల స్కానుకూ చీటీలు రాశారు. కొన్ని కారణాలైతే మందుతో సర్దుకుంటాయనీ, కొన్ని సర్దుకోవనీ, ఏదైనా ముందు తెలుసుకోవాలనీ దినకర్ ఇద్దరికీ కలిపి చెప్పాడు. విజయకుమార్ నెంబరు తీసుకుని అక్కడే ఫోను చేశాడు. అవతల కొడుకు ఏమన్నాడో గానీ, "కాదు, అమ్మ చెప్పింది సరే. నేను చెప్పింది తప్పు" అని దినకర్ రెండుసార్లు అనడం వరదమ్మ విన్నది. యశశ్విని తన నెంబరు ఒక చీటీ మీద తెలుగు అంకెలు రాక మామూలు అంకెల్లోనే పెద్దగా రాసి, సుదర్శనం చొక్కా జేబులో పెట్టింది. పెట్టే ముందు, "పెట్టొచ్చా తాతా?" అని అడిగింది.

సుదర్శనం తువ్వాలు సర్దుకుని లేచాడు. దినకర్ మెట్లదాకా వచ్చాడు.

"వచ్చే నెల..." అని మొదలుపెట్టి ఆగాడు.

"చాల్లే సార్," అన్నాడు సుదర్శనం. "పదకొండు తడవలు పాసైనాను."

దినకర్ నవ్వలేకపోయాడు. వరదమ్మ నవ్వింది. మెట్లు దిగేటప్పుడు కూడా ఆ నవ్వు ఆమె ముఖంలో కాస్త మిగిలి ఉంది. కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

తిరుత్తణి లోకల్ బండి సగం ఖాళీగా ఉంది. వరదమ్మ కిటికీ పక్క అతన్ని కూర్చోబెట్టి, కాగితం విప్పి మొగ్గలు ఒళ్లో పోసుకుంది. కొన్నింటికి మట్టి అంటుకుంది. ఊది, చీరకు తుడిచి, పక్కన పెట్టింది. నార నీళ్లలో తడిపింది. అతను మొగ్గలు అందించడం మొదలుపెట్టాడు. రెండు. రెండు. మూడు. ఆమె ఒకటి తీసి మళ్లీ అతని అరచేతిలోనే పెట్టింది. "రెండయ్యా," అంది. అతను ఆ ఒక్కదానికి ఇంకొకటి జతచేసి ఇచ్చాడు.

కడంబత్తూరు దాటింది. ఆమె చెయ్యి మూర కొలిచి, తెంపి, రెండోది మొదలుపెట్టింది. పెట్టెలో ఆ చివర పూలగంపలతో ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు. సుదర్శనం వాళ్లను చూశాడు. లేస్తారేమోనని ఇంకాసేపు చూశాడు. తర్వాత చూపు తిప్పుకుని, పక్కన కూర్చున్న మనిషి వైపు తిరిగాడు. నాలుగు నెలలుగా నోట్లోనే మింగేస్తున్న మాట బయటికి వచ్చింది.

"మనం యాడ దిగాల?"

వరదమ్మ ముడి వేస్తూ తలెత్తలేదు.

"నేను చెప్తా లే," అంది. "నువ్వు పూలియ్యి."